పుట్టినరోజు పేపరు ఫ్రేము: ఆగస్టు 29కి శ్రీకాకుళంలో చేయించాను, ఎలా ఉందంటే

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల మగ్గుల మీద ఫొటోలు, కీచైన్లు, ఫ్రేములు చేసిచ్చే షాపుల్లో ఈమధ్య ఒక ఐటెం బాగా కనిపిస్తోంది. పాత న్యూస్‌పేపరు మొదటి పేజీలాగ ప్రింటు తీసి, మధ్యలో మనిషి ఫొటో పెట్టి, చుట్టూ ఆ తేదీన చరిత్రలో ఏం జరిగింది, ఆ రోజు పుట్టిన ప్రముఖులు ఎవరు అని వేసి ఫ్రేము కట్టి ఇస్తారు. పుట్టినరోజు పేపరు అంటున్నారు. ఏ3 సైజు, సింథటిక్ ఫ్రేము, మీద అద్దం, మొత్తం 850 రూపాయలు తీసుకున్నారు. అద్దం బదులు యాక్రిలిక్ షీటు కావాలంటే ఇంకో 150. మా మావయ్య రిటైర్‌మెంటుకి ఒకటి చేయించాను. షాపు పేరు వేయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ ఆ ఒక్క షాపువి కావు, నేను తిరిగి చూసిన చోటల్లా ఇంచుమించు ఇవే టెంప్లేట్లు గోడలకి వేలాడుతున్నాయి.

ముందే చెప్పేస్తున్నాను. వాళ్ళ దగ్గరున్న మేటరు ఉన్నదున్నట్టు వేయించుకుంటే డబ్బులు దండగ. మేటరు మనమే రాసిచ్చి, ప్రూఫు దగ్గరుండి దిద్దుకుంటే మాత్రం ఆ ధరకి ఇంతకన్నా మంచి కానుక నాకు కనిపించలేదు.

మావయ్య కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మేన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగాడు. పుట్టింది 1963 ఆగస్టు 29. తేదీ చెప్పగానే షాపు అబ్బాయి కంప్యూటర్లో నొక్కి చూపించిన పేజీ ఇలా ఉంది: మైకేల్ జాక్సన్ పుట్టినరోజు (1958), హాలీవుడ్ నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ పుట్టినరోజు (1915), ఆవిడ చనిపోయిందీ అదే తేదీన (1982), నాగార్జున పుట్టినరోజు (1959), బీటిల్స్ టికెట్టు పెట్టి చేసిన చివరి కచేరీ (1966), అమెరికాలో కత్రినా తుఫాను తీరం తాకిన రోజు (2005), హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు (1905), అన్నిటికన్నా అడుగున చిన్న అక్షరాల్లో తెలుగు భాషా దినోత్సవం. ధ్యాన్‌చంద్ ఝాన్సీలో పుట్టాడని రాసి ఉంది. ఆయన పెరిగిందీ, స్థిరపడిందీ ఝాన్సీయే గానీ పుట్టింది అలహాబాదులో. ఆ ఒక్కటీ తప్పిస్తే తేదీలన్నీ సరైనవే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ పేజీ ఆగస్టు 29న పుట్టిన ఎవరికైనా సరిపోతుంది, మా మావయ్య అందులో ఎక్కడా లేడు. నాగార్జున సినిమాలు ఆయనకి ఇష్టమే కాబట్టి అది ఉంచాను. మిగతా పేజీ మొత్తం తీయించేశాను.

తెలుగు భాషా దినోత్సవం అడుగున ఎందుకుంది అన్నదే నా మొదటి గొడవ. ఆ రోజు అలా జరుపుకుంటున్నది గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టినరోజని. ఆయన 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. అంటే మన జిల్లావాడు. శ్రీకాకుళంలో కూర్చుని ప్రింటు తీస్తున్న పేజీలో ఆయన పేరే లేదు, దినోత్సవం మాట మాత్రమే ఉంది. పైగా లెక్క చూడండి, మావయ్య పుట్టింది సరిగ్గా ఆయన నూరేళ్ళ పుట్టినరోజు నాడు. ఇంతకన్నా పెద్ద హెడ్డింగు ఇంకేం కావాలి? అదే పైన పెట్టించాను.

గిడుగువారి గురించి నాలుగు ముక్కలు రాసిచ్చాను. పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేస్తూ, చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. అప్పటికి లిపి లేని భాష. వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఆ కొండల్లో తిరిగినప్పుడు మలేరియా పట్టుకుంటే క్వినైన్ వాడి వాడి ఆయనకి చెవుడు వచ్చింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊళ్ళో ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. మనకి స్కూల్లో వాడుక భాష ఉద్యమం ఒక్కటే చెప్తారు, సవర బడుల సంగతి ఎక్కువమందికి తెలియదు. మావయ్యకి మాత్రం ఆ కొండలు తెలుసు. ఉద్యోగంలో మొదటి రోజుల్లో సీతంపేట ఏజెన్సీలో సవర గూడేలకి లైన్లు లాగాడు, అప్పుడది శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది, మలేరియా ఆయన్నీ వదల్లేదు. అందుకని ఆ ముక్క పక్కనే మావయ్య పాత ఫొటో పెట్టించాను, భుజాన తాడు వేసుకుని స్తంభం పక్కన నిలబడ్డది.

టెంప్లేటులో మచ్చుకైనా లేని రెండో సంగతి, నా లెక్కలో ఆ పేజీకంతటికీ ముఖ్యమైనది, ఫారడే. 1831 ఆగస్టు 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఆరంగుళాల వెడల్పున్న ఇనుప రింగు ఒకటి తీసుకుని, దానికి ఒక పక్క ఒక రాగి తీగ కాయిలు, ఎదుటి పక్క ఇంకో కాయిలు చుట్టాడు. చుట్లు ఒకదానికొకటి తగలకుండా మధ్య మధ్య నూలు దారం, గుడ్డ పెట్టాడు. ఒక కాయిలుకి బ్యాటరీ కలపాలి, రెండో కాయిలు నుంచి తీసిన తీగ దగ్గర అయస్కాంత సూది ఉంటుంది. బ్యాటరీ కలిపిన క్షణంలో సూది కదిలి ఆగిపోయింది. బ్యాటరీ తీసేసిన క్షణంలో మళ్ళీ కదిలింది. మధ్యలో కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ ఏమీ లేదు. రెండు కాయిళ్ళకీ మధ్య తీగ సంబంధమే లేదు, అయినా ఒకదాంట్లో కరెంటు మారినప్పుడల్లా రెండోదాంట్లో కరెంటు పుడుతోంది.

మన వీధి చివర రెండు స్తంభాల మధ్య కూర్చోబెట్టిన ట్రాన్స్‌ఫార్మరు లోపల ఉన్నదీ ఇదే. ఇనుప కోరు, దాని మీద రెండు వైండింగులు, పైన 11 కేవీ (11 వేల వోల్టులు) ఎక్కుతుంది, కింద 433 వోల్టులు దిగి మన ఇళ్ళకి వస్తుంది. మన ఏసీ కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు తిరుగుతూ ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కాబట్టి ఫారడే సూదిలాగ ఒకసారి కదిలి ఊరుకోదు, రెండో వైపు కరెంటు వస్తూనే ఉంటుంది. ఆ పాత రింగుని ఇప్పటికీ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో దాచి ఉంచారు. జీవితమంతా ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర లైను ఆపే ఏబీ స్విచ్ లాగి, లైను మీద పని చేయడానికిచ్చే అనుమతి (ఎల్‌సీ) తీసుకుని, ఫ్యూజులు వేసిన మనిషి, ఆ ట్రాన్స్‌ఫార్మరుకి మూలమైన ప్రయోగం జరిగిన తేదీనే పుట్టాడంటే, ఆ పేజీ మీద దానికి కాక మైకేల్ జాక్సన్‌కి అంత చోటు ఎలా ఇస్తాం చెప్పండి. రింగు బొమ్మ గీయించి, పక్కనే మన ట్రాన్స్‌ఫార్మరు బొమ్మ పెట్టించాను. ఫ్రేము విప్పగానే మావయ్య చూపు ముందు పడింది దాని మీదే. "ఇదేట్రా, ఇది మన డీటీఆరే కదా, ఆయిలొకటే తక్కువ" అన్నాడు. డీటీఆర్ అంటే వాళ్ళ మాటల్లో వీధి ట్రాన్స్‌ఫార్మరు. ఆ తర్వాత వచ్చిన ప్రతి లైన్‌మేన్‌నీ పిలిచి ఆ రింగు చూపించి, ఇక్కడ హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ వైపు), ఇక్కడ ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ వైపు) అని వేలు పెట్టి చెప్తూనే ఉన్నాడు.

మూడోది కొంచెం తేడా విషయం, షాపులో కూడా దీని మీద చాలాసేపు మాటలయ్యాయి. మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు రెండున్నర లక్షల మంది ఎదుట మాట్లాడింది 1963 ఆగస్టు 28 బుధవారం. ఏ పుస్తకం తీసినా 28 అనే ఉంటుంది, కాబట్టి 29 పేజీలో ఎవరూ వేయరు. కానీ ఆయన మైకు ముందుకి వచ్చేసరికి అక్కడ మధ్యాహ్నం మూడు దాటింది. అప్పటి వాళ్ళ టైముకీ మన టైముకీ తొమ్మిదిన్నర గంటల తేడా. అంటే మన దగ్గర అర్ధరాత్రి దాటి 29వ తేదీ వచ్చేసింది. మా తాతగారు పంచాంగం అట్ట వెనక పిల్లల పుట్టుకలన్నీ రాసిపెట్టేవారు, మావయ్యది "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని ఉంది. నల్లవాళ్ళ హక్కుల కోసం అక్కడ ఆ మాటలు వినిపిస్తున్న రాత్రే ఇక్కడ మా అమ్మమ్మ పురిటి నొప్పులు పడుతోంది. "అన్నా, డేటు తప్పేశారని ఎవరైనా అంటారేమో" అన్నాడు షాపు అబ్బాయి. వాషింగ్టన్‌లో 28 మధ్యాహ్నం, మనకి అర్ధరాత్రి దాటి 29 అని రెండూ వేయమన్నాను, అలాగే వేశాడు.

రాజ్యాంగ సభ ముసాయిదా కమిటీని వేసింది 1947 ఆగస్టు 29న, మర్నాడు అంబేద్కర్‌ని దానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఇదీ టెంప్లేటులో లేదు. మన దేశపు పేజీలో ఇది లేకపోవడం నాకు అసలు మింగుడుపడలేదు, ఒక లైనే అయినా వేయించాను. ధ్యాన్‌చంద్‌ని అలహాబాదుకి మార్చి ఉంచాను. సోవియట్ యూనియన్ మొదటి అణుబాంబు పరీక్ష (1949), ఆ పరీక్ష జరిగిన సెమిపలాటిన్‌స్క్ స్థలాన్ని మూసేయడం (1991), రెండూ ఆగస్టు 29నే. పేల్చిన తేదీనే మూశారు, అందుకే ఐక్యరాజ్యసమితి ఆ రోజుని అణు పరీక్షల వ్యతిరేక దినంగా పెట్టింది. చోటు చాలక వదిలేశాను గానీ మీకు చోటుంటే తప్పకుండా వేయించండి.

కత్రినా, బెర్గ్‌మన్ మరణం తీసేయించాను. శుభానికి ఇచ్చే ఫ్రేములో చావు కబుర్లు ఉండకూడదని మా అత్త అభిప్రాయం, నాదీ అదే. తుఫాను అసలు వద్దని కాదు. అడుగున "మీ జీవిత విశేషాలు" అని ఒక బాక్సు ఇస్తారు, అందులో 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు నిలబెట్టిన గ్యాంగులో మావయ్య ఉన్నాడని వేయించాను. ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉన్న రోజులవి, పడిపోయిన కొబ్బరిచెట్లు కోసుకుంటూ లైను వెంట నడిచారు. మన తుఫాను, అందులో మనవాడు చేసిన పని. ఎక్కడో న్యూ ఆర్లియన్స్ తుఫానుకి బదులు అక్కడ ఉండాల్సింది ఇదే.

ఇక అసలు ఇబ్బంది, టైపింగు. ఈ షాపుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో పని చేస్తారు. మనం వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్ అనే వేరే పద్ధతిలో ఉంటుంది. దాన్ని కన్వర్టరులో వేసి మారుస్తారు, ఆ మార్పిడిలో ఒత్తులు విరిగిపోతాయి. మొదటి ప్రూఫులో రామమూర్తిలో త ఒత్తు ఎగిరిపోయి "రామమూరి" అయింది, ట్రాన్స్‌ఫార్మరులో పొల్లు మాయమైంది, "స్తంభం" చదవడానికే వీల్లేకుండా ఉంది. అన్నిటికన్నా ఘోరం, 1863, 1963 తారుమారై గిడుగువారు మా మావయ్య కన్నా వందేళ్ళు చిన్నవారైపోయారు. అబ్బాయి మంచివాడు, విసుక్కోకుండా దిద్దాడు. కానీ ప్రూఫు వాట్సాప్‌లో చిన్న బొమ్మగా పంపి "ఓకేనా అన్నా" అని అడుగుతారు, ఫోన్లో చూసి ఓకే అనేస్తే అయిపోయినట్టే, ప్రింటయ్యాక వాళ్ళ బాధ్యత లేదు. షాపుకి వెళ్ళి పెద్ద స్క్రీను మీద ఒక్కో లైనూ చదవండి. తేదీలు వేరే కాగితం మీద అంకెల్లో రాసి పట్టుకెళ్ళి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి.

టెంప్లేటు భాష కూడా మార్పించాను. "జన్మించినారు", "పరమపదించినారు", "ఆవిష్కరణ గావించబడినది" అని ఉంటుంది. గిడుగువారి పుట్టినరోజు పేజీలో ఆ తెలుగు ఉంటే ఆయనకే అవమానం. పుట్టారు, చనిపోయారు, కనిపెట్టారు అని మామూలుగా రాసిచ్చాను, లైన్లు పొట్టివై చోటు కూడా కలిసొచ్చింది.

షాపు గోడ మీద శాంపిలుగా జూన్ 1 పేజీ ఒకటి పెట్టారు, దాని గురించి చెప్పకుండా ఉండలేను. మన పెద్దవాళ్ళలో ఎంతోమందికి స్కూల్లో మేష్టార్లు వేసిన పుట్టినతేదీ జూన్ 1 గానీ జూలై 1 గానీ అవుతుంది కాబట్టి ఆ పేజీకి గిరాకీ ఎక్కువట. అందులో మార్లిన్ మన్రో (1926) ఉంది, నర్గీస్ (1929) ఉంది. కరణం మల్లీశ్వరి లేదు. ఆమె పుట్టింది 1975 జూన్ 1న, పెరిగింది మన ఊసవానిపేటలో. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో 110, 130 కలిపి 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. శ్రీకాకుళం షాపులో జూన్ 1 పేజీలో ఆమె లేదంటే బాధ అనిపించదా? గట్టిగానే చెప్పాను, కలుపుతామన్నారు. విజయనగరం జిల్లా ఏర్పడిందీ 1979 జూన్ 1నే, అదీ చెప్పి వచ్చాను. మీరు వెళ్ళినప్పుడు కలిపారో లేదో చూడండి. ఇంకో మాట, పేజీ వేయించే ముందు అది నిజంగా పుట్టిన తేదీయో, బళ్ళో వేసిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకోండి. తిథి మాత్రమే గుర్తున్నవాళ్ళకి ఆ సంవత్సరం పంచాంగం తీస్తే తేదీ దొరుకుతుంది.

విజయనగరం, బొబ్బిలి వైపువాళ్ళకి పనికొచ్చేవి రెండు చెప్తాను, ఇవి ఏ టెంప్లేటులోనూ నాకు కనిపించలేదు. జనవరి 24 పుట్టినరోజైతే బొబ్బిలి యుద్ధం వేయించండి, 1757 జనవరి 24. అదే తేదీన 1950లో జనగణమనని జాతీయ గీతంగా తీసుకున్నారు, రాజేంద్రప్రసాద్‌ని రాష్ట్రపతిగా ఎన్నుకున్నారు. ఆగస్టు 15 అయితే అందరూ 1947 వేస్తారు, మంచిదే, తప్పకుండా ఉండాలి. దాని కింద 1936 కూడా పెట్టండి. ఆ శనివారం నాడు బెర్లిన్‌లో, ముందు రోజు వానకి వాయిదా పడ్డ హాకీ ఫైనల్లో, ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించి ఒలింపిక్ బంగారం గెలిచింది. అదే రోజు లండన్ ఓవల్‌లో మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ కెప్టెన్‌గా ఇండియా ఇంగ్లండ్‌తో మూడో టెస్టు మొదలుపెట్టింది, ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ హామండ్ 217 కొట్టాడు, ఆ మ్యాచ్ మనం 9 వికెట్ల తేడాతో ఓడిపోయాం. విజ్జీ, ధ్యాన్‌చంద్ ఇద్దరూ 1905లోనే పుట్టారు. శ్రీకాకుళం జిల్లా వేరుపడిందీ 1950 ఆగస్టు 15న. ఒక్క తేదీలో మన రెండు జిల్లాలకీ ఇంత ఉంటే, బయటి సరుకుతో పేజీ నింపడం ఎందుకో నాకు అర్థం కాదు.

సరుకు నాణ్యత విషయానికొస్తే ప్రింటు శుభ్రంగా ఉంది. పాత పేపరులా కనిపించాలని వెనక గోధుమరంగు వేస్తారు, అది ముదురైతే నల్ల అక్షరాలు కలిసిపోతాయి, లేత రంగు అడగండి. అక్షరం సైజు పెంచమనండి, అరవై దాటినవాళ్ళు కళ్ళజోడు వెతుక్కోకుండా చదవగలగాలి. దానికి రెండు ఐటెంలు తగ్గించుకోవాల్సి వచ్చినా పరవాలేదు. అద్దం బాగుంటుంది గానీ కిటికీకి ఎదురు గోడ మీద పెడితే మెరుపు కొట్టి ఏమీ కనబడదు. బస్సులో పట్టుకెళ్ళేవాళ్ళు యాక్రిలిక్ తీసుకోండి. ఫ్రేము వెనక అట్ట పల్చగా ఉంది, మేకులు ఊడుతున్నాయి, అక్కడ మాత్రం కక్కుర్తి పడ్డారు. చెప్పిన టైముకి ఇవ్వలేదు, సాయంత్రం అని మర్నాడు ఇచ్చారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో అయితే వారం ముందే ఆర్డరు ఇచ్చుకోండి. అడ్వాన్సు సగం కడితే చాలు, మిగతాది ప్రూఫు నచ్చాకే ఇస్తామని ముందే మాట్లాడుకోండి. సాఫ్ట్ కాపీ అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు. మావయ్య కూతురు హైదరాబాదులో ఉంటుంది, అదే ఫైలు ఇచ్చి అక్కడ ఇంకో ప్రింటు తీయించుకుంది.